పది మిల్లీవోల్టుల లోడ్ సెల్‌కు ఆంప్లిఫయర్: విడిభాగాలను లెక్క చూసి ఎంచుకునే పద్ధతి

ఆనలాగ్ సర్క్యూట్ గీయడానికి కూర్చున్నప్పుడు చాలామంది ముందు ఐసీ పేరు రాస్తారు, ఆ తర్వాత దాని చుట్టూ రెసిస్టర్లు అమరుస్తారు. 1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో డేవ్ ఫుల్లాగర్ రూపొందించిన 741 ఆపాంప్ (సంకేతాన్ని పెద్దది చేసే ఆపరేషనల్ ఆంప్లిఫయర్ ఐసీ), దాని తర్వాత వచ్చిన ఎల్‌ఎమ్358 నేటికీ మన కాలేజీ ల్యాబుల డ్రాయర్లలో దండిగా దొరుకుతాయి కాబట్టి ఆ పేర్లే ముందు గుర్తుకు రావడంలో వింత లేదు. ఈ వ్యాసం ఎంపిక క్రమాన్ని తలకిందులు చేస్తుంది. ముందు కొలవవలసిన సంకేతం ఎంతో తేల్చుకుని, ఎంత దోషాన్ని ఒప్పుకోగలమో పద్దు రాసుకుని, ఆ పద్దులో ఇమిడే విడిభాగాన్ని మాత్రమే కొనాలి. ఉదాహరణగా పళ్లెం బరువుతో కలిపి 10 కిలోల వరకు తూచే త్రాసుకు ఆంప్లిఫయర్‌ను మొదటి నుంచి చివరిదాకా తయారుచేద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. మీకు కావలసింది తూకం అంకె మాత్రమే అయితే బరువు సెన్సర్ (లోడ్ సెల్) సంకేతాన్ని నేరుగా అంకెగా మార్చే 24 బిట్ల హెచ్‌ఎక్స్711 బోర్డు కొని పని ముగించుకోవచ్చు. అయితే అది సెకనుకు 10 లేదా 80 నమూనాలే ఇస్తుంది, ఆనలాగ్ ఔట్‌పుట్ ఇవ్వదు. మీ పరికరానికి వోల్టేజీ రూపంలో సంకేతం కావాలన్నా, మరో సెన్సర్‌కు రేపు ఇలాంటి సర్క్యూట్‌నే కట్టవలసి ఉన్నా కింది పద్ధతి పనికివస్తుంది.

1. కొలతను మైక్రోవోల్టుల్లోకి మార్చుకోండి

లోడ్ సెల్ అంటే బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్: నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లతో (సాగితే నిరోధం మారే పట్టీలు) కట్టిన వీట్‌స్టన్ బ్రిడ్జి. మన ఉదాహరణలోని సెల్ నిరోధం 350 ఓంలు, సున్నితత్వం వోల్టుకు 2 మిల్లీవోల్టులు, పూర్తి భారం 10 కిలోలు. బ్రిడ్జికి 5 వోల్టులు ఇస్తే 10 కిలోల దగ్గర వచ్చే సంకేతం 10 మిల్లీవోల్టులు. అంటే ఒక గ్రాముకు ఒక మైక్రోవోల్టు. ఈ సమానతను కాగితం పైభాగాన పెద్ద అక్షరాలతో రాసుకోండి, ఎందుకంటే ఇకపై డేటాషీట్‌లో కనిపించే ప్రతి మైక్రోవోల్టునూ గ్రాములుగా చదువుకోవచ్చు.

ఈ 10 మిల్లీవోల్టులు శూన్యం మీద నిలబడి ఉండవన్నది కూడా గమనించండి. బ్రిడ్జి రెండు ఔట్‌పుట్ తీగలూ దాదాపు 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి, మనకు కావలసింది వాటి మధ్య తేడా. రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఆ కామన్ మోడ్ వోల్టేజీ మన పూర్తి సంకేతానికి 250 రెట్లు పెద్దది.

2. దోషాల పద్దు రాయండి

త్రాసు 10 గ్రాముల మెట్లలో చూపాలని, ఉదయానికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా వచ్చినా ఒక మెట్టుకు మించి తప్పకూడదని అనుకుందాం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల షెడ్డు కింద నడిచే దుకాణానికి 15 డిగ్రీల తేడా ఎక్కువేమీ కాదు.

దోషాలను రెండు వరుసలుగా విడదీయండి. మొదటిది సున్నా దగ్గరి దోషం, అంటే ఏ బరువూ లేనప్పుడు కనిపించే ఆఫ్‌సెట్. ఇందులో స్థిరంగా ఉండే భాగాన్ని టేర్ మీటతో (ఉన్న అంకెను సున్నాగా తీసుకునే మీట) తీసేయవచ్చు కాబట్టి దానికి డబ్బు పోయనక్కరలేదు. వేడితో కదిలే భాగమే (డ్రిఫ్ట్) లెక్కకు వస్తుంది. రెండోది గెయిన్ దోషం, అంటే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతామో ఆ అంకెలో వచ్చే తప్పు. దీన్ని టేర్ తీయలేదు, తెలిసిన బరువు పెట్టి మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తేనే పోతుంది. 10 కిలోలలో 10 గ్రాములంటే 1000 పీపీఎమ్ (పది లక్షల్లో వెయ్యి వంతులు). దాన్ని 15 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి సుమారు 67 పీపీఎమ్ వస్తుంది. ఆంప్లిఫయర్, గెయిన్ రెసిస్టర్, రెండో దశ అన్నీ కలిసి ఈ హద్దులో ఉండాలి. లోడ్ సెల్ డేటాషీట్‌లో కూడా సున్నాపై ఉష్ణోగ్రత ప్రభావం, పూర్తి భారంపై ఉష్ణోగ్రత ప్రభావం అని రెండు అంకెలుంటాయి; వాటినీ ఇదే పద్దులో చేర్చండి. సెల్ ఒక్కటే పద్దు మొత్తాన్ని తినేస్తున్నట్టయితే ఖరీదైన ఐసీ కొని లాభం లేదు.

3. చేతిలో ఉన్న ఐసీని పద్దుతో పోల్చండి

ఇప్పుడు ఎల్‌ఎమ్358ను పరీక్షిద్దాం. దాని ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 7 మిల్లీవోల్టులు, అంటే మన లెక్కలో 7 కిలోలు. గెయిన్ 400 పెడితే 5 వోల్టుల సరఫరాలో 2.8 వోల్టులు ఆఫ్‌సెట్‌కే పోతాయి. టేర్ చేసినా ఆ చోటు తిరిగిరాదు. పైగా ఔట్‌పుట్ పై సరఫరాకు దాదాపు ఒకటిన్నర వోల్టు దిగువనే ఆగిపోతుంది. డ్రిఫ్ట్ సాధారణంగా డిగ్రీకి 7 మైక్రోవోల్టులు, అంటే 15 డిగ్రీలకు 105 గ్రాములు. ఎల్‌ఎమ్358 చెడ్డ ఐసీ ఏమీ కాదు. బ్యాటరీ స్థాయి చూపే సర్క్యూట్‌కో థర్మిస్టర్ అలారానికో నేనూ దాన్నే వాడతాను. ఈ పద్దులో మాత్రం దానికి చోటు లేదు.

ఐసీని మార్చి ఒకే ఆపాంప్‌తో, నాలుగు రెసిస్టర్లతో డిఫరెన్స్ ఆంప్లిఫయర్ కడితే సరిపోతుందా? రెసిస్టర్ల తేడా వల్ల కామన్ మోడ్ వోల్టేజీలో కొంత భాగం సంకేతంగా చొరబడుతుంది. అత్యంత ప్రతికూల పరిస్థితిలో ఇన్‌పుట్ వైపు లెక్కించిన ఈ దోషం, కామన్ మోడ్ వోల్టేజీని టాలరెన్స్‌కు నాలుగు రెట్లతో గుణించి, గెయిన్‌కు ఒకటి కలిపి భాగిస్తే వస్తుంది. 1 శాతం రెసిస్టర్లతో, గెయిన్ 400తో ఇది 250 మైక్రోవోల్టులు. స్థిరంగా ఉంటే టేర్‌తో పోతుంది కానీ, రెసిస్టర్లు ఒక్కొక్కటి డిగ్రీకి 100 పీపీఎమ్ చొప్పున వేర్వేరు దిశల్లో కదిలితే దోషం డిగ్రీకి రెండున్నర గ్రాములు, 15 డిగ్రీలకు 37 గ్రాములు. పైగా ఈ అమరికలో రెండు ఇన్‌పుట్‌ల నిరోధాలు సమానంగా ఉండవు కాబట్టి బ్రిడ్జిపై భారం కూడా ఒకవైపు ఒరుగుతుంది. అందుకే ఇక్కడ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ (రెండు తీగల మధ్య తేడాను పెంచి, ఉమ్మడి వోల్టేజీని వదిలేసే ఐసీ) తప్పనిసరి.

4. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్‌ను ఎంచుకుని లోపలి బిందువులను సరిచూడండి

5 వోల్టుల ఒకే సరఫరాతో పనిచేయాలి, డిఐపీ ప్యాకేజీలో (కాళ్లను రంధ్రాల్లో గుచ్చి టంకం వేసే రూపం) దొరకాలి అన్న షరతులకు ఏడీ623 సరిపోతుంది. దాని బీ గ్రేడ్‌లో ఆఫ్‌సెట్ గరిష్ఠం 100 మైక్రోవోల్టులు, డ్రిఫ్ట్ గరిష్ఠం డిగ్రీకి 1 మైక్రోవోల్టు. ఏ (A) గ్రేడ్‌లో ఇవి రెట్టింపు. తూచే ముందు ప్రతిసారీ టేర్ నొక్కే అలవాటున్న దుకాణానికి ఏ (A) గ్రేడ్ కూడా చాలు. రోజంతా బరువు దించకుండా ఉంచే ట్యాంకుకో గ్యాస్ సిలిండరుకో అయితే 15 గ్రాముల డ్రిఫ్ట్ కూడా ఎక్కువే కాబట్టి, డిగ్రీకి 0.1 మైక్రోవోల్టు గరిష్ఠ డ్రిఫ్ట్ ఉన్న ఐఎన్ఏ333 వైపు వెళ్లండి. అది సర్ఫేస్ మౌంట్‌లోనే వస్తుంది, చిన్న అడాప్టర్ బోర్డు కావాలి.

రెండింటికీ గెయిన్ సూత్రం ఒకటే: గెయిన్ = 1 + (100 కిలో ఓంలు ÷ ఆర్‌జీ). ఆర్‌జీ అంటే గెయిన్‌ను నిర్ణయించే బయటి రెసిస్టర్. 10 మిల్లీవోల్టులను 4 వోల్టులు చేయాలంటే గెయిన్ 400 కావాలి కాబట్టి 250 ఓంల రెసిస్టర్ పెట్టేద్దామని అనిపిస్తుంది. ఇక్కడే ఆగాలి. ఈ ఐసీల్లో మొదటి దశగా రెండు ఆపాంప్‌లుంటాయి. వాటి ఔట్‌పుట్‌లు బయటి పిన్నులకు రావు కానీ వాటికీ సరఫరా హద్దులున్నాయి. ఒక బిందువు కామన్ మోడ్ వోల్టేజీకి పైన, రెండోది కింద, చెరొకటి ఔట్‌పుట్ మార్పులో సగం చొప్పున జరుగుతాయి. ఏడీ623లో ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల వల్ల ఈ రెండు బిందువులూ మరో 0.6 వోల్టు పైకి లేచి ఉంటాయి. ఇప్పుడు లెక్క చూడండి: 2.5కు 0.6 కలిపితే 3.1, గెయిన్ 400 అయితే దానిపై మరో 2 వోల్టులు, మొత్తం 5.1. సరఫరా 5 వోల్టులే. బయట ఔట్‌పుట్ పిన్ హద్దులోనే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ తొమ్మిది కిలోలు దాటాక అంకె పెరగడం మానేస్తుంది. మల్టీమీటరుతో గంటల తరబడి వెతికినా బయటపడని లోపమిది, ఎందుకంటే ఇరుక్కున్న బిందువు చిప్ లోపల ఉంది. డేటాషీట్‌లో ఇన్‌పుట్ కామన్ మోడ్‌కూ ఔట్‌పుట్‌కూ మధ్య బహుభుజి ఆకారంలో ఉండే గ్రాఫ్ చెప్పేది దీన్నే. ఆ గ్రాఫ్ చూడకుండా ఏ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్‌నూ కొనవద్దు.

కాబట్టి మొదటి దశలో గెయిన్‌ను 200 దగ్గర ఆపుదాం. ఈ96 (E96, 1 శాతం రెసిస్టర్ల ప్రామాణిక విలువల) శ్రేణిలో దొరికే 499 ఓంలు వాడితే గెయిన్ 201.4 వస్తుంది. లోపలి బిందువు 4.1 వోల్టుల దాకానే వెళ్తుంది. ఇంకా కావలసిన రెండు రెట్లు తర్వాతి దశకు వదిలేద్దాం.

5. రెఫ్ పిన్‌ను, రెండో దశను ఒకే ఐసీతో నడపండి

సున్నా బరువు దగ్గర ఔట్‌పుట్ కచ్చితంగా సున్నా వోల్టులుగా ఉంటే, సెల్ సహజ అసమతుల్యత ఋణాత్మకంగా ఉన్నప్పుడు సంకేతం నేలకు అంటుకుపోతుంది. అందుకని ఔట్‌పుట్ సున్నా ఎక్కడుండాలో నిర్ణయించే రెఫ్ పిన్‌కు కొద్ది వోల్టేజీని పీఠంగా ఇవ్వాలి. 5 వోల్టుల నుంచి 33 కిలో ఓంలు, 1 కిలో ఓం డివైడర్‌తో 0.147 వోల్టులు తీసుకోండి. అది ఇన్‌పుట్ లెక్కలో 730 గ్రాముల ఋణాత్మక వెసులుబాటు. ఈ డివైడర్‌ను నేరుగా రెఫ్ పిన్‌కు కలపకూడదు. చిప్ లోపల లేజరుతో సరిచేసిన రెసిస్టర్ల సమతుల్యతకు బయటి కిలో ఓం తోడై, మనం డబ్బు పెట్టి కొన్న, కామన్ మోడ్‌ను తోసిపుచ్చే శక్తిని పాడుచేస్తుంది. మధ్యలో బఫర్ (వోల్టేజీని మార్చకుండా అందించే గెయిన్ 1 దశ) ఉండాలి.

ఎమ్‌సీపీ6002లో రెండు రైల్ టు రైల్ (ఔట్‌పుట్ దాదాపు సరఫరా అంచుల దాకా వెళ్లే) ఆపాంప్‌లుంటాయి. ఒకదాన్ని బఫర్‌గా, రెండోదాన్ని గెయిన్ 2 ఉన్న నాన్ ఇన్వర్టింగ్ దశగా వాడండి. దాని ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 4.5 మిల్లీవోల్టులు, చౌక ఐసీ. అయినా ఫరవాలేదు, ఎందుకంటే మొదటి దశ తర్వాత వచ్చే ప్రతి దోషమూ ఇన్‌పుట్ లెక్కలో 201తో భాగించబడుతుంది: 4.5 మిల్లీవోల్టులు 22 గ్రాములవుతాయి, అవీ స్థిరంగా ఉంటాయి కాబట్టి టేర్‌తో పోతాయి. దాని డ్రిఫ్ట్ డిగ్రీకి కొన్ని మైక్రోవోల్టులు మాత్రమే, 201తో భాగించాక పట్టించుకోనక్కరలేదు. డబ్బు మొదటి దశలో పెట్టాలి, పొదుపు రెండో దశలో చేయాలి.

మొత్తం గెయిన్ 403 అయింది. సున్నా దగ్గర 0.294 వోల్టులు, 10 కిలోల దగ్గర సుమారు 4.32 వోల్టులు వస్తాయి.

6. రెసిస్టర్లు

ఆర్‌జీ విలువలో ఒక శాతం తేడా ఉన్నా క్యాలిబ్రేషన్‌లో పోతుంది. ఇక్కడ టాలరెన్స్ కన్నా ఉష్ణోగ్రత గుణకం ముఖ్యం, కానీ దుకాణంలో అడిగేది ఎప్పుడూ టాలరెన్స్ ఒక్కటే. డిగ్రీకి 100 పీపీఎమ్ ఉన్న మామూలు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ 15 డిగ్రీలకు 1500 పీపీఎమ్ మారుతుంది, అంటే పూర్తి భారం దగ్గర 15 గ్రాములు. పద్దు అక్కడే తెగిపోయింది. కార్బన్ ఫిల్మ్ సంగతి చెప్పనక్కరలేదు. ఆర్‌జీకి డిగ్రీకి 25 పీపీఎమ్ లేదా అంతకన్నా మెరుగైనదాన్నే తీసుకోండి. ఏడీ623 లోపలి రెసిస్టర్లకూ గెయిన్ డ్రిఫ్ట్ ఉంది, సాధారణంగా డిగ్రీకి 50 పీపీఎమ్. రెండూ ఒకే దిశలో కలిస్తే 75, అంటే మన 67ను కొంచెం దాటుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా తీసుకుని వర్గాలు కూడి వర్గమూలం చూస్తే 56. ఇలాంటి చోట నేను ప్రతికూల అంకెనే నమ్ముతాను, కాబట్టి మెట్టు 10 గ్రాముల కన్నా చిన్నదిగా ప్రకటించవద్దు. 5 గ్రాములు చూపాలన్న ఒత్తిడి ఉంటే రోజుకొకసారి ప్రమాణ బరువుతో క్యాలిబ్రేట్ చేసే ఏర్పాటు పెట్టండి.

రెండో దశకు ఒకే రకం 10 కిలో ఓంల రెసిస్టర్లు రెండు, ఒకే పట్టీ నుంచి తెంపి వాడండి. రెండూ కలిసి కదిలితే వాటి నిష్పత్తి కదలదు.

7. కెపాసిటర్లు: ఒక్కో చోట ఒక్కో రకం

సర్క్యూట్ బొమ్మలో అన్ని కెపాసిటర్లూ ఒకేలా కనిపిస్తాయి. ఇన్‌పుట్ దగ్గర రేడియో తరంగాలను ఆపడానికి ఒక్కో తీగలో 1 కిలో ఓం, ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 నానోఫారడ్, రెండు ఇన్‌పుట్‌ల మధ్య 10 నానోఫారడ్‌లు పెట్టండి. గ్రౌండ్‌కు వెళ్లే రెండు కెపాసిటర్లూ సమానంగా లేకపోతే ఉమ్మడి గోల తేడా సంకేతంగా మారుతుంది; మధ్యలోది పదిరెట్లు పెద్దదిగా ఉండడం ఆ ప్రభావాన్ని అణచడానికే. ఇక్కడ 5 శాతం సీ0జీ సిరామిక్ (వేడికీ వోల్టేజీకీ విలువ దాదాపు మారని రకం) వాడాలి. కిలో ఓంకు బదులు 10 కిలో ఓంలు పెట్టాలన్న ఆశ వద్దు. రెండు ఇన్‌పుట్ కరెంట్ల తేడా గరిష్ఠంగా 2 నానో ఆంపియర్లు. కిలో ఓంతో అది 2 మైక్రోవోల్టులు, పది కిలో ఓంలతో 20.

రెండు దశల మధ్య తక్కువ పౌనఃపున్యపు ఫిల్టర్ ఉంటుంది. 0.1 సెకను కాలస్థిరాంకం తీసుకుంటే హద్దు 1.6 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ మెయిన్స్ గోల సుమారు 31 రెట్లు తగ్గుతుంది, అంకె స్థిరపడడానికి 0.7 సెకను పడుతుంది. 10 కిలో ఓంలు, 10 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్‌తో ఇది సులువుగా వస్తుందని అనిపిస్తుంది. కానీ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కారుతుంది. డేటాషీట్ అనుమతించే 3 మైక్రో ఆంపియర్ల లీకేజీ 10 కిలో ఓంల గుండా వెళ్తే 30 మిల్లీవోల్టులు. 201తో భాగిస్తే దాదాపు 150 గ్రాములు, అదీ వేడి పెరిగేకొద్దీ పెరిగేది. దాని బదులు 100 కిలో ఓంలు, 1 మైక్రోఫారడ్ పాలియెస్టర్ ఫిల్మ్ వాడండి. ఎమ్‌సీపీ6002 ఇన్‌పుట్ కరెంటు పికో ఆంపియర్లలో ఉంటుంది కాబట్టి 100 కిలో ఓంలు ఏ దోషాన్నీ తేవు.

ఎక్స్‌7ఆర్ సిరామిక్ ఎందుకు వద్దు? పేరులోని సంకేతం ప్రకారం మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా దాని విలువ 15 శాతానికి మించి మారదు, కానీ ఆ హామీ వేడికే పరిమితం. దానిపై డీసీ వోల్టేజీ పడితే విలువ తగ్గుతుంది. చిన్న సైజువైతే రేటింగ్ దగ్గర సగానికి సగం కూడా పోవచ్చు. అంతేకాక ఈ పదార్థానికి పీజో గుణం ఉంది, తట్టితే వోల్టేజీ పుడుతుంది. బరువు ధనామని పడే త్రాసులో సంకేతం దారిలో అలాంటిది ఉండకూడదు. వై5వీ అయితే విలువ 82 శాతం దాకా పడిపోవచ్చు, దాన్ని దగ్గరికి రానీయవద్దు. ఐసీల సరఫరా పిన్నుల పక్కన 100 నానోఫారడ్‌ల ఎక్స్‌7ఆర్ మాత్రం సరైన ఎంపికే, అక్కడ విలువ కచ్చితత్వంతో పని లేదు.

8. సరఫరాకే రెఫరెన్స్ కట్టండి

ఖరీదైన 5 వోల్టుల రెఫరెన్స్ ఐసీ కొనాలన్న ఆలోచన ఈ దశలో వస్తుంది. కొనవద్దు. బ్రిడ్జి ఔట్‌పుట్ దానికిచ్చిన వోల్టేజీతో పాటే పెరుగుతుంది, తరుగుతుంది. వోల్టేజీని అంకెగా మార్చే 12 బిట్ల ఏడీసీ ఎమ్‌సీపీ3201కు రెఫరెన్స్ పిన్ విడిగా ఉంది. దానికీ బ్రిడ్జికీ డివైడర్‌కూ ఒకే 5 వోల్టులు ఇస్తే సరఫరా మారినప్పుడు సంకేతం, కొలబద్ద రెండూ కలిసి మారి అంకె మారదు. 4 శాతం టాలరెన్స్ ఉన్న మామూలు 7805 రెగ్యులేటర్ కూడా చాలు. దానికి 9 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. ఒక కౌంటు 1.22 మిల్లీవోల్టులు, పూర్తి భారానికి 3300 కౌంట్లు, అంటే కౌంటుకు 3 గ్రాములు. 10 గ్రాముల మెట్టుకు ఇది సరిపోతుంది. నమూనాల సగటును 20 మిల్లీసెకన్లకు గుణిజాల్లో తీస్తే, మిగిలిన 50 హెర్ట్జ్ గోల కూడా అందులోనే రద్దవుతుంది.

9. కట్టేటప్పుడు

కోఠీ గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో కొన్న ఏడీ623ను టంకం వేయకముందే దాని సరఫరా కరెంటు కొలవండి. గరిష్ఠం 575 మైక్రో ఆంపియర్లు. మిల్లీ ఆంపియర్లు లాగుతున్నదంటే పైన ముద్ర ఏదైనా లోపల ఉన్నది అది కాదు. బ్రెడ్‌బోర్డు మీద మైక్రోవోల్టులు కొలవాలనుకోవద్దు, వెరోబోర్డు మీదనైనా టంకం వేయండి. 7805ను ఇన్‌పుట్ తీగలకు దూరంగా పెట్టండి, ఎందుకంటే రెండు లోహాల అతుకులు వేర్వేరు వేడిలో ఉంటే అక్కడ కూడా మైక్రోవోల్టులు పుడతాయి. డిస్‌ప్లే కరెంటు వెళ్లే గ్రౌండ్ దారిని, ఏడీసీ గ్రౌండ్ దారిని వేరుచేసి సరఫరా దగ్గరే కలపండి; 50 మిల్లీ ఆంపియర్లు 20 మిల్లీ ఓంల గుండా వెళ్తే 1 మిల్లీవోల్టు, దాదాపు ఒక కౌంటు. నాలుగు తీగల లోడ్ సెల్‌తో వచ్చిన కేబుల్‌ను కత్తిరించవద్దు, దాని నిరోధంతో సహా క్యాలిబ్రేట్ చేసి ఉంటుంది.

10. పరీక్షించండి

మొదట సెల్ లేకుండా, రెండు ఇన్‌పుట్‌లనూ కలిపి, రెండు 1 కిలో ఓంల రెసిస్టర్లతో తీసిన 2.5 వోల్టులకు కట్టండి. ఔట్‌పుట్ 0.294 వోల్టుల దగ్గర ఉండాలి. బీ గ్రేడ్ వాడితే, అన్ని ఆఫ్‌సెట్‌లూ ఒకేవైపు కలిసినా 60 మిల్లీవోల్టులకు మించి అటూ ఇటూ జరగకూడదు. జరిగిందంటే రెఫ్ బఫర్‌ను ముందు అనుమానించండి. తర్వాత సెల్ కలిపి, సున్నా, 5, 10 కిలోల దగ్గర అంకెలు రాసుకోండి. 5 కిలోల అంకె సరిగ్గా మధ్యలో పడకుండా 10 వైపు వంగి ఆగిపోతున్నదంటే నాలుగో అడుగులోని లోపలి బిందువు లెక్కను మళ్లీ చూడండి.

ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో బోర్డును మాత్రమే నెమ్మదిగా 15 డిగ్రీలు వేడి చేసి, సున్నా దగ్గరా పూర్తి భారం దగ్గరా మార్పును విడివిడిగా నమోదు చేయండి. సున్నా కదిలితే ఆంప్లిఫయర్ డ్రిఫ్ట్, సున్నా కదలకుండా పూర్తి భారం అంకె మాత్రమే కదిలితే ఆర్‌జీ లేదా ఐసీ లోపలి గెయిన్ రెసిస్టర్లు. చివరగా 10 కిలోలు అలాగే ఉంచి అరగంట చూడండి. అంకె మెల్లగా ఒకేవైపు జరుగుతుంటే అది చాలావరకు సెల్ లోహపు క్రీప్ (భారం కింద మెల్లగా సాగడం), దానికి సర్క్యూట్‌లో మందు లేదు. ఈ త్రాసుతో సరుకు అమ్మాలనుకుంటే మాత్రం 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద తూనికలు కొలతల శాఖ తనిఖీ, ముద్ర ఉండాలి. ఇంట్లోనో ల్యాబ్‌లోనో వాడుకునేందుకు ఆ అవసరం లేదు.